బెత్తెడు గడ్డి

ఆసుపత్రి వాళ్ళు పంపిన కాగితంలో టాయిలెట్ పేపరు రెండు చుట్టలు అని ఉంది. ఎతెల్కా నాలుగు పెట్టింది. చెంచా, ఫోర్కు, పింగాణీ కప్పు, సబ్బు, రెండు తువ్వాళ్ళు, పైజమాలు, ఇంట్లో వేసుకునే చెప్పులు కాగితంలో ఉన్నవే. మూరెడు ఎండు సాసేజి, సగం రొట్టె, రెండు ఉల్లిపాయలు, ఎర్ర మిరపపొడి పొట్లం మాత్రం కాగితంలో లేవు. వాటిని తువ్వాళ్ళలో చుట్టి అడుగున దూర్చింది. జిప్పు పడలేదు. సంచీ మీద మోకాలు ఆనించి మళ్ళీ లాగింది.

తమ్ముడు వెండెల్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని చూస్తున్నాడు.

"అక్కా, నేను తుంటికీలు మార్పించుకోడానికి వెళ్తున్నాను. యుద్ధానిక్కాదు" అన్నాడు.

"యుద్ధానికైతే తిండి వాళ్ళే పెడతారు" అంది ఎతెల్కా.

వెండెల్‌కు అరవై అయిదేళ్ళు. ఎడమ తుంటి అరిగిపోయి, ఆపరేషను వరసలో పేరు రాయించుకుని నాలుగేళ్ళయింది. ఇప్పుడు మార్చి ముప్ఫై, సోమవారం వచ్చి చేరమన్నారు. ఆపరేషను, ఆ తర్వాత అక్కడే మళ్ళీ నడక నేర్పడం, అంతా కలిపి ఆరేడు వారాలు పడుతుందట. ఈ నాలుగేళ్ళలో ఏ నెలలో పిలిచినా ఎతెల్కా ఇంత బెంబేలుపడేది కాదు. సరిగ్గా ఈ నెలలో పిలిచారు.

ఆ ఇంట్లోంచి సంచీ పట్టుకుని వెళ్ళినవాళ్ళు ఎతెల్కాకు ఒక్కొక్కరూ గుర్తే. నాన్న ఇదే ఆసుపత్రికి వెళ్ళాడు. భర్త గుస్తావ్ ఆస్ట్రియాలో ద్రాక్షకోతకని ఆరు వారాల మాట చెప్పి వెళ్ళాడు. అది ముప్ఫై నాలుగేళ్ళ కిందటి మాట. అందుకని ఆమె ఒకటి నమ్మింది. మనిషి తిరిగి రావాలంటే, అతని పని అతని కోసం ఇక్కడ కాచుకుని ఉండాలి. పని లేకపోతే ఎందుకొస్తాడు? వెండెల్ పని గొర్రెలు. గొర్రెలకు ఉడుతల మిట్ట కావాలి. ఆ మిట్ట ఉంటుందో పోతుందో ఏప్రిల్ ఇరవై నాలుగున తేలుతుంది.

ఉడుతల మిట్ట కిష్‌కూట్ ఊరి ఉత్తరపు అంచున నలభై ఎకరాల పచ్చిక. ఊరి ఉమ్మడి భూమి. మూడు తరాలుగా మేతకు వీళ్ళింటి వాళ్ళకే కౌలుకు ఇస్తున్నారు. అక్కడ నేల ఉడుతలుంటాయి. వీటికి వీపున చారలుండవు, ఇవి చెట్టెక్కవు. బొరియలోంచి లేచి, వెనక కాళ్ళ మీద నిలబడి, బస్సు ఇంకా రాలేదేమని చూసే ముసలాళ్ళలా నాలుగు దిక్కులూ చూస్తాయి. చూడాలంటే గడ్డి పొట్టిగా ఉండాలి. బెత్తెడు దాటి పెరిగితే గద్ద ఎటునుంచి వస్తోందో వాటికి కనబడదు. అలాంటి చోట అవి కాపురం చెయ్యవు. ఎవరికీ చెప్పకుండా లేచిపోతాయి.

బుడాపెస్ట్ నుంచి ఇళ్ళు ఏడాదికింత చొప్పున పాక్కుంటూ వచ్చి మిట్ట అంచున ఆగాయి. అంతకుముందు అక్కడ పొద్దుతిరుగుడు చేలుండేవి. ఇప్పుడున్నది పొద్దుతిరుగుడు వీధి. దాని పక్కది కుందేలు వీధి. ఇళ్ళ కంపెనీ వాళ్ళు ఒక్కో చోట ఏది లేకుండా చేస్తే దాని పేరే అక్కడి వీధికి పెడతారు, అందులో మాట తప్పరు. మిట్ట మీద రాబోయే వీధి పేరు కూడా అప్పుడే కంపెనీ రంగుల ప్రచార పుస్తకంలో అచ్చయింది. నేల ఉడుత వీధి. దానికి పోయే రోడ్డు ఎతెల్కా బంగాళాదుంపల చేను మధ్యగా, మిరప మడులను అడ్డంగా కోసుకుంటూ వెళ్తుంది.

కిందటి నవంబరులో కంపెనీ తరఫున ఒక పరిశీలకుడు వచ్చి, మిట్టంతా తిరిగి, ఉడుతలు లేవని రాసి వెళ్ళాడు. నవంబరులో నేల ఉడుతలు నిద్రలో ఉంటాయన్న సంగతి అతనికి తెలుసు. అందుకే నవంబరులో వచ్చాడు. ఊళ్ళో ఎనభై ఏళ్ళ ఇగ్నాట్స్ దాని మీద మూడు ఉత్తరాలు రాశాడు. మూడో ఉత్తరానికి జవాబొచ్చింది. ప్రకృతి రక్షణ శాఖ నుంచి మరో పరిశీలకురాలు ఏప్రిల్ ఇరవై నాలుగున వచ్చి చూస్తుంది, ఉడుతలు కనబడితే మిట్ట మేతభూమిగా ఉంటుంది, లేకపోతే ఇళ్ళస్థలం అవుతుంది అని.

వెండెల్ బస్సెక్కే ముందు గొర్రెల సంగతులన్నీ చెప్పాడు. ముప్ఫై ఎనిమిది గొర్రెలు, పద్నాలుగు పిల్లలు. ఒకే చోట మూడు రోజులు మేపకూడదు. పడమటి వాలులో గడ్డి ముందు లేస్తుంది, అటు ముందు తోలాలి. తతిమ్మాది మోర్జా చూసుకుంటుంది.

మోర్జా కుక్క. నల్లటి ఉంగరాల జుట్టు, పడుకుంటే తల ఎటో తోక ఎటో తెలియదు. వెండెల్ ఈల తప్ప దానికి ఏ భాషా రాదు. ఒక ఈలకు ఎడమవైపు, రెండు ఈలలకు కుడివైపు, పొడుగు ఈలకు ఆగడం. ఎతెల్కా ఈల ప్రయత్నించింది. పైవరస పళ్ళు కట్టుడువి కావడంతో గాలి తప్ప మరేమీ రాలేదు. మూడోసారి గట్టిగా ఊదితే పళ్ళే వచ్చాయి. మోర్జా వాటిని గడ్డిలోంచి వెతికి తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టింది. అంతకు మించి ఏమీ చెయ్యలేదు.

ఆపరేషనైన మూడో రోజు నుంచి ఒక దారి దొరికింది. పొద్దున్న ఆరున్నరకు ఎతెల్కా మిట్ట మీద నిలబడి ఫోను చేసేది. గొర్రెలు ఎటు పోతున్నాయో చెప్పేది. వెండెల్ ఆసుపత్రి మంచం మీద పడుకుని ఈల వేసేవాడు. ఆమె ఫోనును చేత్తో ఎత్తి పట్టుకునేది. మోర్జా మొదట్లో ఫోను చుట్టూ తిరిగి యజమాని కోసం వెతికింది, తర్వాత ఆ ఏర్పాటుకు ఒప్పుకుని పనిలో దిగింది. రెండు రోజులకు వార్డులో మిగతా అయిదుగురూ ఫిర్యాదు చేశారు. నర్సు వచ్చి, ఈల వెయ్యాలంటే వ్యాయామాల గదిలో వేసుకోమంది. వెండెల్ చక్రాల కుర్చీలో అక్కడికి వెళ్ళి వెయ్యసాగాడు.

ఆ గదిలో గిజెల్లా అనే ఆవిడ ఉంటుందని వెండెల్ చెప్పాడు. రెండు మోకాళ్ళూ మార్పించుకుందట. భర్త పోయి తొమ్మిదేళ్ళయిందట. ఈల చక్కగా ఉందని అందట.

ఎతెల్కా ఆ మాట విని, పడమటి వాలున మూడు గొర్రెలు తప్పిపోయాయని చెప్పింది.

వెండెల్ వెళ్ళిన మర్నాడు మొదలైన వాన రోజు విడిచి రోజు కురుస్తూనే ఉంది. మధ్య రోజుల్లో వెచ్చటి ఎండ. గడ్డికి అంతకన్నా ఏం కావాలి. గొర్రెలు ఒక మూల తినేలోపు మరో మూల లేచి నిలబడేది. ఎతెల్కా చీపురుకట్ట పుల్ల మీద తన బెత్తెడు కొలత గాటు పెట్టుకుని, ఎక్కడికక్కడ గుచ్చి చూసుకునేది. గాటు రోజురోజుకూ గడ్డిలో మునిగిపోతోంది. పడుకుంటే కళ్ళు మూసుకున్నా గడ్డి పెరుగుతున్నట్టే ఉండేది.

ఈస్టరు సోమవారం నాడు ఇగ్నాట్స్ అత్తరు సీసాతో వచ్చాడు. ఆ రోజు మగవాళ్ళు ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళ మీద నీళ్ళో అత్తరో చల్లుతారు. అతను ఆనవాయితీ ప్రకారం రెండు వరసల పద్యం చదివి, ఆమె తల మీద నాలుగు చుక్కలు చల్లి, ఎర్రరంగు వేసిన పండగ గుడ్డు పుచ్చుకుని, సారా గ్లాసు ముందు కూర్చున్నాడు. అతనికి ఎతెల్కా ఇంకా పిల్లకిందే లెక్క.

"అమ్మాయ్, చిన్నప్పుడు బక్కెట్లతో చల్లేవాళ్ళం" అన్నాడు. "ఆ బక్కెట్లతోనే ఉడుతల్నీ పట్టేవాళ్ళం. బొరియలో ఒక బక్కెట్టు నీళ్ళు పోస్తే చాలు, తడిసి బయటికొచ్చేది. మెడ వెనక పట్టుకోవాలి, లేకపోతే వేలు పోతుంది. ఆ కూర రుచి ఇప్పటి కోడికి ఎక్కడిది."

"ఇప్పుడా మాట ఎవరి దగ్గరా అనకు బాబాయ్. జైల్లో వేస్తారు."

"తింటాననలేదే. తిన్నానన్నాను."

ఆ తర్వాత అసలు మాట చెప్పాడు. పొద్దున్న మిట్ట మీదుగా నడిచి వచ్చాడట. నడుమ భాగంలో బొరియల మూతుల దగ్గర సాలీడు గూళ్ళు పట్టి ఉన్నాయట. ఉడుతలు ఎటో కదులుతున్నాయట. ఎటో అతనికీ తెలియదు.

అది ఆరు రోజులకు తెలిసింది. పొద్దుతిరుగుడు వీధి చివరింట్లో ఉండే బార్నబాష్ ఎతెల్కా గుమ్మం దగ్గరికొచ్చాడు. నలభై ఏళ్ళవాడు, కంప్యూటరు ఉద్యోగం. గొర్రెల గంటలు పొద్దున్నే మోగుతున్నాయని కిందటేడు పంచాయతీకి అర్జీ పెట్టినవాడు. ఆ అర్జీ చదివిన రోజు నుంచి వెండెల్ గంటల్ని అరగంట ముందు మోగించాడు.

"పెద్దమ్మగారూ, మీ మిట్ట మీది ఎలుకలు మా లాన్‌లోకొచ్చాయి. మందు పెట్టించాలనుకుంటున్నాం. ముందు మీకు చెబుదామని" అన్నాడు.

ఎతెల్కా తలగుడ్డ కట్టుకుని అతనితో వెళ్ళింది. బార్నబాష్ లాన్ వారానికి రెండుసార్లు కోసే లాన్. అందులో నేల ఉడుతలు నిలబడి ఉన్నాయి. పక్కింటి లాన్‌లో కూడా. ఆ పక్కదాంట్లో కూడా. ఊరంతటిలో బెత్తెడు లోపు గడ్డి ఎక్కడుందో వెతుక్కుని వచ్చేశాయి. పరిశీలకురాలు చూడాల్సిన చోటి హద్దురాళ్ళు మాత్రం మిట్ట చుట్టూ ఉన్నాయి. లాన్‌లో వంద ఉడుతలున్నా లెక్కలోకి రావు.

"అవి ఎలుకలు కావు బాబూ. చట్టం నిన్నూ నన్నూ కలిపి కాపాడే దానికన్నా వాటిని ఎక్కువ కాపాడుతుంది. మందు మాటెత్తకు" అంది.

అతను నసిగాడు. లాన్ మీద ఎంత శ్రద్ధ పెట్టిందీ చెప్పాడు. ఇంటి వెనక కిటికీలోంచి పచ్చిక కనబడుతుందనే ఈ ఇల్లు కొన్నామని, దానికోసమే మరికాస్త ఎక్కువ ఇచ్చామని కూడా చెప్పాడు. ఎతెల్కా అప్పుడు నేల ఉడుత వీధి సంగతి ఎత్తింది. మూడంతస్తులు, ఆ కిటికీకి సరిగ్గా ఎదురుగా. అతనికి తెలియదు. కంపెనీ వాళ్ళు చెప్పలేదు. పంచాయతీ బోర్డు మీద కాగితం అంటించి అయిదు నెలలైంది గాని, కొత్తగా వచ్చినవాళ్ళెవరూ ఆ బోర్డు దగ్గర ఆగరు. వాళ్ళు ఊరి నడుమ నుంచి కారులోనే వెళ్తారు. ఇద్దరూ నడిచి వెళ్ళి ఆ కాగితం చదివారు. బార్నబాష్ రెండుసార్లు చదివాడు.

తిరిగొస్తూ బార్నబాష్ మిట్ట దగ్గర ఆగి, "ఎంత ఎత్తుండాలి?" అన్నాడు.

"బెత్తెడు."

"అంటే ఎన్ని సెంటీమీటర్లు?"

ఎతెల్కా అరచెయ్యి చాపింది. అతను జేబులోంచి టేపు తీసి ఆమె చేతిని అడ్డంగా కొలిచాడు. ఎనిమిది.

ఆ సాయంత్రం పొద్దుతిరుగుడు, కుందేలు వీధుల వాళ్ళ ఫోన్లన్నిటికీ ఒక సందేశం వెళ్ళింది. ఇరవై నాలుగో తారీకు దాకా లాన్లు కొయ్యకండి. మిట్ట కొయ్యండి. ఎనిమిది సెంటీమీటర్లు.

మర్నాడు ఇద్దరొచ్చారు. ఆదివారానికి తొమ్మిది మంది అయ్యారు. నలుగురికి ఎక్కి కూర్చుని నడిపే యంత్రాలు, అయిదుగురికి తోసేవి. వరసకట్టి పడమటి వాలు మొదలుకుని పైకి కోస్తూ పోయారు. కోసిన గడ్డిని ఎతెల్కా పంగలకర్రతో కుప్పలు చేసి గొర్రెలకు వేసింది. గొర్రెలు కూర్చున్నచోటు నుంచి లేవడం మానేశాయి. వెనక వాళ్ళ ఇళ్ళ ముందు లాన్లు మాత్రం మోకాలెత్తు లేచాయి. వాటిలో పసుపు పూలు పూశాయి. అది చూడలేక ఒకావిడ తలుపులకు తెరలు వేసుకుందని విన్నారు. బార్నబాష్ భార్య తన లాన్‌లో బూట్లు వేసుకుని నడవాల్సివస్తోందని ఎతెల్కాతోనే అంది. ఎతెల్కా మిట్ట మీద తనకు అరవై ఏళ్ళుగా అదే అలవాటని చెప్పింది.

ఉడుతలకు ఎత్తు గడ్డి, పొట్టి గడ్డి తేడా తెలుసు గాని, ఎవరు కోశారన్నది పట్టలేదు. ఇరవయ్యో తారీకున మిట్ట నడుమ మూడు నిలబడి ఉండగా ఎతెల్కా చూసింది. ఇరవై రెండున పదకొండు. అది చెప్పాలని వెండెల్‌కు ఫోను చేసింది. ఎత్తలేదు. పొద్దుటిపూట ఇప్పుడు నడక వ్యాయామం ఉంటుందని, ఈల కుదరదని అంతకుముందే చెప్పి ఉన్నాడు. మోర్జాకు ఎతెల్కా గరిటెతో పాత గిన్నె మోగించడం నేర్పుకుంది, లేదా మోర్జాయే ఆమెకు నేర్పింది. ఎడమకు ఒక దెబ్బ, కుడికి రెండు.

సాయంత్రం వెండెల్ తనే ఫోను చేశాడు. ముందైతే మొదట గొర్రెల్ని అడిగేవాడు. ఇప్పుడు చివర్న అడుగుతున్నాడు. ఆ రోజు అడగలేదు. గిజెల్లా వాళ్ళ ఫ్లాటు నాలుగో అంతస్తులో ఉందని, లిఫ్టుందని, బొత్తాం నొక్కితే చాలని, వంటింట్లో కుళాయి తిప్పగానే వేడినీళ్ళొస్తాయని చెప్పాడు. మన ఇంట్లోనూ వస్తాయి కదరా అంది ఎతెల్కా. పొయ్యి అంటిస్తే వస్తాయి, అన్నాడు వెండెల్. ఉడుతలు పదకొండు కనబడ్డాయంటే మంచిదన్నాడు.

ఇరవై నాలుగు, శుక్రవారం నాడు మబ్బు కమ్మింది. ఉత్తరం నుంచి చలిగాలి. పరిశీలకురాలి పేరు చెంగె, ముప్ఫై ఏళ్ళుంటాయి. మడతకుర్చీ, దుర్భిణి, అట్టకు బిగించిన కాగితాలు తెచ్చుకుంది. కంపెనీ తరఫున వకీలొచ్చాడు. నల్లబూట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్నాడు. కంచె వెంబడి ఇగ్నాట్స్, ఇంకో ఇద్దరు ముసలాళ్ళు, తొమ్మిది యంత్రాల వాళ్ళు నిలబడ్డారు. మాట్లాడొద్దని చెంగె చెప్పింది.

చలికి నేల ఉడుతలు బయటికి రావు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. వకీలుకు కూడా తెలిసినట్టే ఉంది. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. చెంగె దుర్భిణి దించి చేతులు రుద్దుకుని మళ్ళీ ఎత్తింది. ఎతెల్కా వేళ్ళు అప్రాను కింద మెలిపెట్టుకుంటూ కూర్చుంది. పన్నెండింటికి పరిశీలన ముగిసిపోతుంది. కాగితంలో సున్నా అని పడుతుంది. సున్నా పడిన మిట్ట మీదికి ఏ మనిషి తిరిగొస్తాడు? ఆమె తలలో ఆ ఒక్క మాటే తిరుగుతోంది.

పదకొండున్నరకు చెంగె వకీలుకు నిబంధన చదివి వినిపించింది. జంతువు ఒక్కటైనా కంటబడితే, అప్పుడు బొరియల్ని లెక్కబెట్టి ఎన్ని కాపురాలున్నాయో రాసుకోవచ్చు. ఒక్కటీ కంటబడకపోతే బొరియలు లెక్కలోకి రావు. వకీలు నిబంధన తనకు తెలుసన్నాడు. వాచీ చూసుకున్నాడు.

ఇగ్నాట్స్ కంచె దగ్గర నుంచి కదిలాడు. గొర్రెల తొట్టి దగ్గరికి వెళ్ళి బక్కెట్టు ముంచాడు. నీళ్ళు తొణక్కుండా నడిచి వచ్చి, చెంగె కుర్చీకి పది అడుగుల దూరంలో వంగి నాలుగు బొరియల్ని చూశాడు. అయిదోదాంట్లో నీళ్ళు పోశాడు. చేస్తున్నదేమిటో అందరికీ అర్థమయ్యేలోపు మోకాళ్ళ మీద కూర్చుని, ఎనభై ఏళ్ళ చేత్తో, తడిసి ముద్దైన నేల ఉడుతను మెడ వెనక పట్టి పైకెత్తాడు. అది చెంగె ముఖంలోకి చూసి తుమ్మింది.

చెంగె దుర్భిణి ఒళ్ళో పెట్టుకుంది.

"తాతగారూ, అది కఠిన రక్షణలో ఉన్న జంతువు. మీరు చేసింది నేరం" అంది చెంగె.

"తెలుసమ్మా. నువ్వు చూశావా?"

"చూశాను."

"బాగా చూశావా?"

"బాగానే చూశాను. వదిలెయ్యండి."

ఇగ్నాట్స్ దాన్ని తన కోటు లోపలివైపు గుడ్డతో రెండుసార్లు తుడిచి, పక్కనున్న పొడి బొరియ దగ్గర వదిలాడు. అది లోపలికి పోతూ అతని బొటనవేలు కొరికింది.

నేరం చేసి రాబట్టిన సాక్ష్యం చెల్లదని వకీలు అన్నాడు. చెంగె నిబంధన మళ్ళీ చదివింది. అందులో జంతువు కంటబడాలి అని ఉంది గాని, పొడిగా ఉండాలని గాని, తనంతట తాను రావాలని గాని లేదు. ఆమె రెండు కాగితాలు తీసింది. ఒకదాని మీద జాతి ఉనికి రుజువైందని, రెండోదాని మీద అపరాధం రుజువైందని రాసి, రెండిటి మీదా ఇగ్నాట్స్ చేత సంతకం పెట్టించింది. తర్వాత ఏ బొరియలో కాపురం ఉందో ఎలా కనిపెట్టారని అతన్ని అడిగింది. అతను నడుస్తూ చూపించాడు. మూతి దగ్గర గడ్డి కొరికి ఉంటుంది, మట్టి నున్నగా ఉంటుంది, సాలీడు గూడుండదు, రెట్టలు కొత్తవి. ఇద్దరూ మధ్యాహ్నం మూడింటి దాకా తిరిగారు. కాపురమున్న బొరియలు అరవై ఒకటి. యంత్రాల వాళ్ళు ఆ సాయంత్రమే ఇళ్ళకెళ్ళి తమ లాన్లు కోసుకున్నారు.

ఇగ్నాట్స్‌కు పదిరోజుల్లో ప్రభుత్వ ముద్రతో రాతపూర్వక మందలింపు వచ్చింది. ఎనభై ఏళ్ళలో ప్రభుత్వం తన పేరు తప్పుల్లేకుండా రాయడం ఇదే మొదటిసారని చెప్పి అద్దం కట్టించుకున్నాడు. మిట్ట సంగతి మే పన్నెండున వచ్చింది. పదేళ్ళ దాకా అది మేతభూమే. కౌలుదారు గొర్రెల్ని తెంపు లేకుండా మేపాలి, గడ్డి ఎదగనివ్వకూడదు. కౌలుదారు పేరు దగ్గర వెండెల్ అని ఉంది.

ఎతెల్కా కాగితం చేత్తో పట్టుకునే ఫోను చేసింది. ఈసారి ఎత్తాడు. ఆమె కాగితం మొదటి నుంచి చివరి దాకా, నంబరుతో సహా చదివి వినిపించింది.

"మంచి పని చేశావక్కా" అన్నాడు వెండెల్.

"నిన్ను వదిలేది శుక్రవారమే కదా? బార్నబాష్ కారు తెస్తానన్నాడు. గొర్రెలగంటల మీద అర్జీ పెట్టినవాడే. ఇప్పుడు మంచివాడయ్యాడు."

"కారొద్దక్కా."

"బస్సులో ఎలా వస్తావురా, కొత్త తుంటితో?"

ఫోనులో ఎవరో కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"గిజెల్లా ఒక గది ఖాళీ చేయించింది. నేను అక్కడికి వెళ్తున్నాను."

"ఎన్నాళ్ళు?"

"వెళ్తున్నానక్కా."

ఎతెల్కా కాగితం బల్ల మీద పెట్టి, అంచులు చేత్తో చదును చేసింది. మిట్ట నిలబడిందని మళ్ళీ చెప్పింది. అరవై ఒక్క బొరియలని చెప్పింది. పడమటి వాలు ఎలా కోశారో, మోర్జా గిన్నె చప్పుడుకు ఎలా తిరుగుతోందో, పద్నాలుగు పిల్లలూ ఎలా బతికాయో చెప్పింది. అతను అన్నీ విన్నాడు.

"ఇదంతా నువ్వు తిరిగొస్తావనే కదురా" అంది చివరికి.

"నాకు గొర్రెలంటే ఇష్టమని నేనెప్పుడైనా అన్నానా అక్కా?"

ఎతెల్కా ఆలోచించింది. నాన్న పోయిన ఏడాది అతనికి పదమూడేళ్ళు. అప్పటి నుంచి యాభై రెండేళ్ళు. వానొస్తుందన్నాడు, ఫలానా గొర్రె కుంటుతోందన్నాడు, ఈ ఏడు ఉన్నికి గిరాకీ లేదన్నాడు, కుక్క తెలివైనదన్నాడు. ఆ మాట మాత్రం అనలేదు. ఎంత వెతికినా దొరకలేదు.

"ఇష్టం లేదనీ అనలేదు కదా" అంది.

"ఎవరూ అడగలేదు."

ఎతెల్కా కాగితాన్ని మళ్ళీ మడిచింది.

"లిఫ్టు పాడైతే?" అంది ఎతెల్కా.

"మెట్లున్నాయి. నాకిప్పుడు కొత్త తుంటి ఉంది."

గిజెల్లా అక్కడే ఉందా అని ఎతెల్కా అడిగింది. ఉందన్నాడు. మనిషి ఉప్పు ఎక్కువ తింటాడని, కాళ్ళు వాస్తాయని, వంటలో చూసుకోమని ఆవిడకు చెప్పమంది. అతను అక్కడికక్కడే చెప్పాడు. గిజెల్లా సరేనందట.

ఆ మధ్యాహ్నం మళ్ళీ ఎండ కాసింది. గడ్డి పడమటి వాలున నాలుగు వేళ్ళు దాటి ఉంది. ఎతెల్కా గరిటె, గిన్నె తీసుకుని బయల్దేరింది.

కౌలు పేరు మార్చడానికి జూన్ మూడున పంచాయతీకి వెళ్ళింది. గుమాస్తా వయసెంతని అడిగాడు. అరవై ఎనిమిదంది. గడువు పదేళ్ళు కదా, ముగిసేనాటికి ఎంతవుతుందని అడిగాడు. డెబ్భై ఎనిమిదంది. అతను కూడిక సరిచూసుకుని ముద్ర కొట్టాడు.

వెండెల్‌ను మే పదిహేను, శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి ఆసుపత్రి నుంచి వదిలారు. కిష్‌కూట్‌కు అతను ఆ రోజు రాలేదు, ఆ తర్వాతా రాలేదు.